ఇరుకు సందుల్లో మూడు మీటర్ల చేప

సముద్రగర్భంలో తీసిన ఫోటోల్లో జెయింట్ మోరే ఈల్ దాదాపు ఎప్పుడూ ఒకే తీరుగా కనిపిస్తుంది. పగడపు దిబ్బలోని ఒక కంతలోంచి లావాటి తల బయటికి చాచి, నోరు తెరిచి, పళ్లు కనబడేలా నిలిచి ఉంటుంది. కాసేపటికి నోరు మూస్తుంది, వెంటనే మళ్లీ తెరుస్తుంది. చూసినవారిలో చాలామంది అది బెదిరిస్తోందనో, మీదికి దూకబోతోందనో అనుకుంటారు. ఆ చేప నిజంగా చేస్తున్న పని ఊపిరి తీసుకోవడం. మనకు తెలిసిన చేపల్లో చాలావాటికి మొప్పల మీద కదిలే మూత ఒకటి ఉంటుంది. నోరూ ఆ మూతా వంతులవారీగా తెరుచుకుంటూ మూసుకుంటూ నీటిని మొప్పల మీదుగా నడిపిస్తాయి. మోరే ఈల్స్‌లో ఆ ఏర్పాటు బాగా కుదించుకుపోయి, తల వెనుక ఒక్కో పక్క ఒక్కో చిన్న గుండ్రటి రంధ్రం మాత్రమే మిగిలింది. అంత చిన్న దారిగుండా అంత పెద్ద దేహానికి సరిపడా నీరు సాగాలంటే నోటితోనే ఎడతెరిపి లేకుండా తోడాలి. కాబట్టి తెరిచిన నోరు ఆ చేప కోపానికి గుర్తు కాదు, దాని శరీర నిర్మాణానికి గుర్తు.

ఈ అపోహ తొలగగానే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. మొప్పల మూత ఎందుకు కుదించుకుపోయింది? పక్క వాజాలు ఎందుకు లేవు? గొంతులో ఇంకో జత దవడలు ఎందుకున్నాయి? ఒంటరిగా వేటాడే ఈ చేప వేరే జాతి చేప పిలిస్తే దాని వెంట ఎందుకు వెళుతుంది? ఇవన్నీ ఒకదానికొకటి సంబంధం లేని వింతలుగా ప్రచారంలో ఉన్నాయి. విడివిడిగా చూస్తే అవి వింతలే. అయితే పగడపు రాళ్ల మధ్య చేతి మందం సందుల్లో దూరి వేటాడి బతకడమనే ఒక్క అవసరాన్ని మధ్యలో పెట్టి చూస్తే, వీటిలో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది.

మోరే ఈల్స్ అనేవి ఒక జాతి కాదు, సుమారు రెండు వందల జాతులున్న కుటుంబం. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే మలుగుపాములకు ఇవి దూరపు బంధువులు. రెండూ పాములు కావు, చేపలే. ఈ కుటుంబంలో ఎక్కువ బరువు తూగేది జెయింట్ మోరే. దీని శాస్త్రీయ నామం జిమ్నోథొరాక్స్ జావానికస్. డచ్చి సైన్యంలో వైద్యుడిగా జావా దీవిలోని బటావియాలో (నేటి జకార్తా) పనిచేస్తూ ఆగ్నేయాసియా చేపల మీద అపారమైన కృషి చేసిన పీటర్ బ్లీకర్ 1859లో దీన్ని తొలిసారి వర్ణించాడు. జావా దీవి పేరు దీనికి అలా వచ్చి చేరింది. ఇది మూడు మీటర్ల పొడవు వరకు, ముప్ఫై కిలోల బరువు వరకు పెరుగుతుంది. పొడవులో మాత్రం మొదటి స్థానం దీనిది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మరూచీ నదిలో 1927లో దొరికిన స్లెండర్ జెయింట్ మోరే 3.94 మీటర్లు ఉంది. సన్నగా, బురద నేలల్లో, నదులు సముద్రంలో కలిసే చోట్ల తిరిగే ఆ రెండో జాతికి మన బంగాళాఖాతంతో చుట్టరికం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి 1822లో రాసిన పుస్తకంలోనే అది శాస్త్రలోకానికి పరిచయమైంది. పత్రికల్లో ఈ రెండు జాతులనూ కలిపేసి, ఒకదాని పొడవును ఇంకొకదానికి అంటగట్టడం తరచుగా కనిపిస్తుంది.

జెయింట్ మోరేను గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పెద్ద చేపల ఒళ్లు గోధుమ రంగులో ఉంటుంది. తల మీద సన్నటి నల్లటి చుక్కలు చల్లినట్టు ఉండి, తల దాటి వెనక్కి పోయేకొద్దీ అవి పెద్దవై చిరుతపులి ఒంటి మచ్చలను తలపిస్తాయి. అన్నిటికంటే నమ్మదగిన ఆనవాలు మొప్ప రంధ్రం చుట్టూ ఉండే నల్లటి మచ్చ. మిగతా చోట మచ్చలు వెలిసినట్టున్నా ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పిల్ల చేపల రంగు మరికాస్త లేతగా ఉండి, వాటి మీద పెద్ద నల్లటి మచ్చలు ఉంటాయి. దగ్గరగా చూస్తే మూతి చివర ముందుకు పొడుచుకొచ్చిన రెండు చిన్న గొట్టాలు కనిపిస్తాయి. అవి ముందు నాసికా రంధ్రాలు. వెనుక జత కళ్లకు దగ్గరగా, గొట్టాలు లేకుండా ఉంటుంది. నీరు ముందు జతలోంచి లోపలికి వచ్చి వెనుక జతలోంచి బయటికి పోతూ, దారిలో వాసనను పట్టే పొరను తడుపుతుంది. కళ్లు దేహంతో పోలిస్తే చిన్నవి. తల వెనుక భాగం కండ పట్టి ఎత్తుగా ఉబ్బి ఉంటుంది. దవడలను గట్టిగా బిగించే కండరాలు ఉండేది అక్కడే.

చర్మం మీద పొలుసులు లేవు. దాని బదులు ఒళ్లంతా జిగురు పూత ఉంటుంది. మలుగుపాములకైనా తల వెనుక చిన్న పక్క వాజాలు, చర్మంలో కూరుకుపోయిన సన్నటి పొలుసులు ఉంటాయి. మోరే ఈల్స్ ఆ రెండిటినీ వదిలేసుకున్నాయి. పక్క వాజాలూ లేవు, పొట్ట కింది వాజాలూ లేవు. తల వెనుక మొదలైన వీపు వాజం తోక చివర దాకా సాగి, తోకను చుట్టి, కింది వాజంతో కలిసిపోతుంది. ఆ వాజం కూడా మందపాటి చర్మం కింద దాగి ఉండటంతో అక్కడ వాజం ఉందని వెంటనే తట్టదు. చేపల పక్కల వెంట నీటి కదలికలను పసిగట్టే గీత ఒకటి సాధారణంగా మొప్పల దగ్గర నుంచి తోక దాకా ఉంటుంది. మోరే ఈల్స్‌లో ఆ గీతకు సంబంధించిన రంధ్రాలు తల మీద, మొప్పల చుట్టుపక్కల మాత్రమే కనిపిస్తాయి, ఒంటి మీద ఉండవు. రాయికి రాసుకుపోయే చోట ఉబ్బెత్తుగా, సున్నితంగా, కొక్కెంలా తగులుకునేట్టు ఉండే భాగాలేవీ ఈ దేహంలో మిగల్లేదు. మొప్పల మూత సంగతి కూడా ఇదే. మూత తెరుచుకోవాలంటే పక్కలకు చోటు కావాలి, సందులో ఆ చోటు ఉండదు.

మన తీరప్రాంతాల్లో వలల్లో చిక్కే సముద్రపు పాములతో దీన్ని పోల్చడం పరిపాటి కాబట్టి ఆ తేడా కూడా చెప్పుకోవాలి. సముద్రపు పాము సరీసృపం. దానికి ఊపిరితిత్తులు ఉంటాయి, గాలి కోసం నీటిపైకి రావాలి. ఒంటి మీద పొలుసులు, తెడ్డులా పక్కలకు నొక్కుకుపోయిన తోక, కోరల్లో తీవ్రమైన విషం దాని లక్షణాలు. మోరే ఈల్ మొప్పలతో నీటిలోనే ఊపిరి పీల్చుకుంటుంది. దాని కోరల్లో పాము విషం లాంటిదేమీ లేదు. ఒళ్లు మెలికలు తిప్పుతూ ఈదడం తప్ప రెండింటికీ పెద్దగా పోలిక లేదు. మోరే ఈల్ ఆ మెలికల దిశ మార్చి వెనక్కి కూడా ఈదగలదు. తిరగడానికి చోటులేని బొరియలో ఆ నేర్పు లేకపోతే ముందుకు వెళ్లినది అక్కడే చిక్కుకుపోతుంది.

జెయింట్ మోరే నివాసం చాలా విశాలం. పడమర ఎర్ర సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరం నుంచి తూర్పున పసిఫిక్ మధ్యలోని మార్కెసాస్, పిట్‌కెయిర్న్ దీవుల దాకా, ఉత్తరాన జపాన్‌కు చెందిన ర్యుక్యు దీవులు, హవాయి దాకా, దక్షిణాన న్యూ కాలెడోనియా, ఫిజీ దాకా ఇది వ్యాపించి ఉంది. ఒక మీటరు లోతు నుంచి సుమారు యాభై మీటర్ల లోతు వరకు, పగడపు దిబ్బలకు లోపలి వైపున్న ప్రశాంతమైన లాగూన్లలోనూ, బయటి సముద్రం వైపు వాలులలోనూ కనిపిస్తుంది. పిల్ల చేపలు పోటు పాట్లకు లోనయ్యే అతి లోతు తక్కువ రాళ్ల మధ్య దాక్కుంటాయి కాబట్టి అంత సులభంగా కంటపడవు. భారతదేశంలో దీనికి అనువైన చోట్లు లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల పగడపు దిబ్బలు. ఆంధ్ర తీరంలో అలాంటి పగడపు దిబ్బలు ఏర్పడకపోవడానికి ప్రధాన కారణం మన నదులే. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు, ఒండ్రు కలిసి తీరపు నీటిని బురదగా, ఉప్పు తక్కువగా మారుస్తాయి. పగడపు జీవులకు తేట నీరు, ఎండ వెలుగు, నిలకడైన ఉప్పదనం కావాలి. అందువల్ల తెలుగువారిలో ఈ చేపను కళ్లారా చూసినవారు ఎక్కువగా అండమాన్‌కో, మాల్దీవులకో, ఈజిప్టుకో డైవింగ్‌కు వెళ్లి వచ్చినవారే అయి ఉంటారు.

సందులో దూరగల దేహం సంపాదించినందుకు ఈ చేప ఒక మూల్యం చెల్లించింది. అది తిండి మింగే విషయంలో కనిపిస్తుంది. నీటిలో ఆహారం పట్టుకోవడానికి అత్యధిక శాతం చేపలు వాడే పద్ధతి పీల్చడం. నోటి లోపలి కుహరాన్ని ఒక్కసారిగా వెడల్పు చేస్తే లోపల ఒత్తిడి తగ్గి, బోండాంలో గొట్టం పెట్టి పీల్చినప్పుడు కొబ్బరినీళ్లు పైకి వచ్చినట్టు, నీరూ దానితోపాటు ఎరా లోపలికి దూసుకొస్తాయి. దీనికి తల పక్కలకు విచ్చుకోవాలి, నోటి అడుగు కిందికి జారాలి, మొప్పల మూతలు బయటికి తెరుచుకోవాలి. మోరే ఈల్ తల సన్నగా, గట్టిగా ఉంటుంది. పీల్చడానికి తోడ్పడే ఎముకలు చిన్నవైపోయాయి. తల విచ్చుకోగలిగినా బొరియ గోడలు ఒప్పుకోవు. కొరికి పట్టుకోవడం దానికి కష్టం కాదు, పట్టుకున్నదాన్ని గొంతులోకి చేర్చడం దగ్గరే చిక్కు. పాములు ఈ చిక్కును దవడ ఎముకలను కుడి, ఎడమ వంతులవారీగా ముందుకు జరుపుతూ ఎర మీదికి తల పాకించి తీర్చుకుంటాయి. మోరే ఈల్ అలా చేయడం లేదని తెలుసు. మరి ఎలా మింగుతోందన్నది చాలాకాలం ఎవరూ పట్టించుకోని ప్రశ్నగా మిగిలింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో పనిచేస్తున్న రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ 2007లో నేచర్ పత్రికలో దీనికి జవాబు ప్రచురించారు. వారు పరిశీలించింది జెయింట్ మోరేను కాదు, దానికి దగ్గరి బంధువైన రెటిక్యులేటెడ్ మోరే అనే చిన్న జాతిని. అత్యంత వేగంగా చిత్రీకరించే కెమెరాలతో, ఎక్స్‌రేలతో చూసినప్పుడు తేలింది ఇది. ముందు దవడలు ఎరను కొరికి పట్టుకోగానే, తల వెనుక గొంతులో విశ్రాంతిగా ఉన్న రెండో జత దవడలు ముందుకు దూసుకొచ్చి, నోటిలోకి చేరి, తమ వంకర పళ్లతో ఎరను పట్టుకుంటాయి. అప్పుడు ముందు దవడలు పట్టు సడలిస్తాయి, వెనుక దవడలు ఎరను ఆహారవాహిక దాకా లాక్కుపోతాయి.

ఇక్కడ రెండు విషయాలు విడదీసి చూడాలి. గొంతులో దవడలు ఉండటం అరుదు కాదు. ఎముకలున్న చేపల్లో ఎన్నో జాతులకు మొప్పలను మోసే వంపు ఎముకల వెనుక భాగం పళ్లు తొడిగి దవడలా పనిచేస్తుంది. నత్తగుల్లలను పగలగొట్టడానికో, నాచును నూరడానికో అవి ఉపయోగపడతాయి. మోరే ఈల్ ప్రత్యేకత ఆ దవడల ప్రయాణంలో ఉంది. వాటిని ముందుకు లాగే కండరాలు, వెనక్కి లాగే కండరాలు అసాధారణంగా పొడవెక్కి, తల వెనుక నుంచి నోటి లోపలి దాకా అవి ప్రయాణించేందుకు వీలు కల్పించాయి. ఎరను పట్టి ఉంచడానికి, రవాణా చేయడానికి రెండు పనులకూ గొంతు దవడలను వాడే వెన్నెముక జీవిని అంతకుముందు ఎవరూ వర్ణించలేదు. దీన్ని భయానక దృశ్యంగా చూపించే వీడియోలకు కొదవ లేదు. నాకు మాత్రం ఇందులో భయం కంటే పొదుపు ఎక్కువ కనిపిస్తుంది, ఉన్న ఎముకలనే సాగదీసి కొత్త పనికి వాడుకున్న పొదుపు.

పీల్చడం మీద ఆధారపడకపోవడం వల్ల వచ్చిన మరో లాభాన్ని మెహతా బృందమే 2021లో చూపించింది. పీతలను ఇష్టంగా తినే స్నోఫ్లేక్ మోరే అనే చిన్న జాతి నీటిలోంచి పొడి ఉపరితలం మీదికి పాకి వచ్చి, ఆహారాన్ని పట్టుకుని, నీటిలోకి తిరిగి వెళ్లకుండా అక్కడే మింగగలిగింది. పీల్చి తినే చేపకు ఇది దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఎరను లోపలికి తెచ్చే నీరు అక్కడ ఉండదు. జెయింట్ మోరేలో ఈ ప్రవర్తనను ఎవరూ ప్రదర్శించలేదు కాబట్టి దానికి ఈ సామర్థ్యాన్ని ఆపాదించకూడదు. గొంతు దవడల విలువ ఎంతటిదో చెప్పడానికి మాత్రం ఇది మంచి సాక్ష్యం.

జెయింట్ మోరే తిండిలో చేపలు ప్రధానం, పీతలు, రొయ్యల జాతులు తరువాత. వేట ఎక్కువగా రాత్రిపూట సాగుతుంది. పగడపు దిబ్బల మీద పగలంతా తిరిగే చేపలు చీకటి పడగానే సందుల్లోకి చేరి నిద్రపోతాయి. మోరే ఈల్ వాసన పట్టుకుంటూ, తల ఒక్కో కంతలోకి దూర్చి చూస్తూ, ఒక్కో రాయినీ గాలిస్తూ సాగుతుంది. ఎర మింగలేనంత పెద్దదైతే మోరే ఈల్స్ మరో ఉపాయం చేస్తాయి. తోకతో ఒంటిని ముడి వేసి, ఆ ముడిని తల వైపు జరుపుకుంటూ వచ్చి, ఎరకు ఆనించి తలను ముడిలోంచి వెనక్కి లాగుతాయి. ఎరలోంచి ముక్క ఊడి వస్తుంది. కాళ్లూ చేతులూ లేని జీవికి అదుముకోవడానికి ఆనుకునే చోటు కావాలి. ముడి ఆ చోటును దాని ఒంటి మీదే సృష్టిస్తుంది.

రాత్రి వేటగాడన్న ఈ చిత్రాన్ని 2006లో ఒక అధ్యయనం కొంత మార్చింది. స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెడువాన్ బ్షారీ, ఆయన సహచరులు ఈజిప్టు తీరాన ఎర్ర సముద్రంలో గ్రూపర్ జాతి చేపలనూ జెయింట్ మోరేలనూ గమనించారు. ఆ గ్రూపర్ పగటి వేటగాడు. తెరిపి నీటిలో ఒక్క ఉదుటున దూసుకెళ్లి ఎరను పట్టుకోవడం దాని విద్య. ఎర పగడాల సందులోకి దూరిందంటే ఆ విద్య పనికిరాదు. అలాంటప్పుడు గ్రూపర్ దగ్గరలోని మోరే ఈల్ విశ్రాంతి తీసుకుంటున్న కంత దగ్గరికి ఈదుకుంటూ వెళ్లి, దాని తల ముందు నిలబడి, తన ఒంటిని సెకనులో పలుమార్లు వేగంగా ఊపుతుంది. చాలా సందర్భాల్లో మోరే ఈల్ కంతలోంచి బయటికి వచ్చి గ్రూపర్ వెంట నడిచింది. రెండూ పక్కపక్కన దిబ్బ మీద సాగాయి. మోరే ఈల్ సందుల్లోకి దూరినప్పుడు గ్రూపర్ బయట కాపు కాసింది.

ఇది ఎందుకు పనిచేస్తుందో ఎర వైపు నుంచి ఆలోచిస్తే తెలుస్తుంది. గ్రూపర్ నుంచి తప్పించుకోవాలంటే చిన్న చేప సందులో దూరాలి. మోరే ఈల్ నుంచి తప్పించుకోవాలంటే సందులోంచి బయటికి పారిపోవాలి. రెండూ కలిసి వచ్చినప్పుడు ఏ దారి పట్టినా ప్రమాదమే. వేటగాళ్లు ఇద్దరి నేర్పులు ఒకటే అయి ఉంటే ఈ పొత్తు వల్ల లాభం ఉండేది కాదు, పోటీ పెరిగేది. పంపకం తగాదా కూడా ఇక్కడ రాదు. ఎవరికి దొరికింది వారు నోట్లో పెట్టుకుని మొత్తంగా మింగేస్తారు. ఒక వేటలో ఒకరికే దక్కుతుంది, కాని పదేపదే కలిసి వేటాడితే ఇద్దరికీ విడిగా దొరికేదానికంటే ఎక్కువ దొరుకుతుంది. గ్రూపర్ ఆకలితో ఉన్నప్పుడే ఇలా పిలవడానికి వెళుతుందని, కడుపు నిండినప్పుడు పిలుపులు తగ్గుతాయని కూడా ఆ బృందం చూపించింది. కేవలం ఒకేచోట తారసపడటాన్ని పొత్తుగా పొరబడ్డారన్న అనుమానాన్ని ఈ పరిశీలన చాలావరకు తీరుస్తుంది.

అలెగ్జాండర్ వెయిల్, ఆండ్రియా మనికా, బ్షారీ 2013లో ఇంకో సంకేతాన్ని వర్ణించారు. ఎర ఏ సందులో దాక్కుందో ఆ చోటికి సరిగ్గా పైన గ్రూపర్ తల కిందికి పెట్టి నిలువుగా తేలి, తల ఊపుతుంది. మోరే ఈల్ వచ్చి ఆ చోటును వెతుకుతుంది. అంటే సంకేతం మూడో వస్తువును చూపిస్తోంది, అందుకోవలసినవారి కోసం ఎదురుచూస్తోంది, వారి స్పందనను బట్టి కొనసాగుతోంది. ఇలాంటి చూపించే సైగలు వానరాలకూ కాకి జాతి పక్షులకూ పరిమితమని అప్పటిదాకా భావించేవారు. ఆస్ట్రేలియా తీరంలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో కోరల్ ట్రౌట్ అనే మరో గ్రూపర్ ఇదే సైగను ఆక్టోపస్‌కు చేస్తుంది. అది కూడా సందుల్లోకి చేతులు చాచగల జీవే కావడం గమనార్హం. ఆ తరువాతి ఏడాది అదే పరిశోధకులు మోరే ఈల్ బొమ్మలను వాడి, బాగా సహకరించే బొమ్మనూ ఎరకు వ్యతిరేక దిశలో పోయే బొమ్మనూ కోరల్ ట్రౌట్ ముందు పెట్టారు. రెండో రోజుకల్లా అది పనికొచ్చే భాగస్వామినే చాలా ఎక్కువసార్లు ఎంచుకుంది.

ఈ పరిశోధనల గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇక్కడ తెలివితేటల రుజువులు ప్రధానంగా గ్రూపర్ వైపు ఉన్నాయి. పిలిచేది గ్రూపర్, చోటు చూపించేది గ్రూపర్, భాగస్వామిని ఎంచుకునేది గ్రూపర్. మోరే ఈల్ చేసేది స్పందించడం. పిలుపు అందినప్పుడు రాకుండా ఉండిపోవడం కూడా దాని చేతిలో ఉంది. ఆ స్పందన చిన్న విషయం కాదు, కాని దాన్ని పథకం వేసి జట్టు కట్టే చేపగా చిత్రించడం పరిశోధన చెప్పినదాన్ని దాటి మాట్లాడటమే అవుతుంది.

పగటిపూట విశ్రాంతిలో ఉన్న మోరే ఈల్ నోటిలో చిన్న చేపలు తిరుగుతూ కనిపించడం ఇంకో పరిచితమైన దృశ్యం. నీలి చారల క్లీనర్ రాస్ అనే వేలెడంత చేప, తెల్లటి గీత వీపున్న క్లీనర్ రొయ్య దాని చర్మం మీద, పళ్ల మధ్య, మొప్పల దగ్గర ఉండే పరాన్నజీవులనూ చచ్చిన చర్మాన్నీ ఏరి తింటాయి. చేతులు లేక, పొలుసుల రక్షణ లేక, రోజంతా రాళ్ల మధ్య గడిపే చేపకు ఈ సేవ అవసరమైనదే. నోట్లోకి వచ్చినదాన్ని అది మింగదు.

ఇంతగా బొరియకు అతుక్కున్న జీవి జీవితం తెరిపి సముద్రంలో మొదలవుతుంది. గుడ్లు నీటిలో తేలుతాయి. పొదిగిన పిల్లలు తల్లిదండ్రులను ఏ మాత్రం పోలి ఉండవు. ఆకులా పలచగా, పక్కలకు నొక్కుకుపోయి, గాజులా పారదర్శకంగా ఉండే ఆ దశను లెప్టోసెఫాలస్ అంటారు. ఆ పలచటి ఒంట్లో అధిక భాగం జిగురు పదార్థం. రక్తంలో ఎర్రకణాలు కూడా ఇంకా ఏర్పడి ఉండవు. నెలల తరబడి ప్రవాహాలలో కొట్టుకుపోయి, దిబ్బ చేరాక ఒళ్లు కుదించుకుని గుండ్రటి దేహంగా మారతాయి. ఆఫ్రికా నుంచి పసిఫిక్ మధ్యదాకా ఒకే జాతి పరుచుకోవడానికి ఈ సుదీర్ఘ ప్రయాణమే కారణం. పెద్దయ్యాక ఒక దిబ్బ దాటని చేప బాల్యంలో సముద్రాలు దాటి వస్తుంది.

దిబ్బ మీద ఆహార గొలుసు చివర ఉండటం వల్ల ఈ చేప మాంసంలో ఒక ప్రమాదం పేరుకుంటుంది. చచ్చిన పగడాల మీద పెరిగే నాచును పట్టుకుని గాంబియర్‌డిస్కస్ అనే సూక్ష్మజీవి బతుకుతుంది. ఫ్రెంచ్ పాలినీషియాలోని గాంబియర్ దీవుల పేరే దానికి పెట్టారు. అది తయారుచేసే విషం నాచు మేసే చేపలలోకి, వాటిని తినే చేపలలోకి, ఆపై జెయింట్ మోరే వంటి పెద్ద వేటగాళ్లలోకి చేరుతూ, ఒక్కో మెట్టులో చిక్కబడుతుంది. పెద్ద చేపల కాలేయంలో, పేగుల్లో అది ఎక్కువ. చేపకు దాని వల్ల పైకి కనిపించే హాని ఉండదు. తిన్న మనిషికి వాంతులు, విరేచనాలు, పెదవుల చుట్టూ తిమ్మిరి మొదలై, కొందరిలో చల్లటి వస్తువు తాకితే కాలినట్టు అనిపించే విచిత్రమైన లక్షణం వారాల పాటు ఉంటుంది. నాడుల్లో సోడియం ప్రవేశించే మార్గాలను ఈ విషం అనవసరంగా తెరిచి ఉంచడమే దానికి కారణం. వండినా, గడ్డకట్టించినా, ఉప్పు వేసినా ఇది విరగదు. రుచిలో, వాసనలో తెలియదు. ఈ జబ్బును సిగ్వటెరా అంటారు. దీనికి విరుగుడు మందు లేదు.

ఈ విషం నిర్మాణాన్ని లోకానికి తెలియజేసింది జెయింట్ మోరేయే. జపాన్‌కు చెందిన మురాటా, యసుమోటో బృందం ఫ్రెంచ్ పాలినీషియాలో పట్టిన సుమారు నాలుగు వేల కిలోల మోరే ఈల్స్ నుంచి 124 కిలోల పేగులు, కాలేయాలు సేకరించి, శుద్ధి చేయగా మిగిలిన విషం 0.35 మిల్లీగ్రాములు. పదమూడు వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఆ అణువు నిర్మాణాన్ని అంత కొద్ది పదార్థంతోనే 1989లో తేల్చారు. మనిషిని మంచాన పడేయడానికి ఎంత కొంచెం సరిపోతుందో ఈ అంకెలే చెబుతాయి. పసిఫిక్ దీవుల్లో చాలాచోట్ల పెద్ద మోరే ఈల్స్‌ను తినకుండా వదిలేయడం వెనుక ఈ అనుభవమే ఉంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం జాబితాలో ఈ జాతి అంతరించే ప్రమాదం అతి తక్కువగా ఉన్నవాటిలో ఉంది. పగడపు దిబ్బలు దెబ్బతింటే మాత్రం దాక్కునే చోటూ వేటాడే చోటూ ఒకేసారి పోతాయి.

మనుషులను కరిచిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో చాలావాటి వెనుక చేపకు చేత్తో తిండి పెట్టే అలవాటు ఉంది. ఒకప్పుడు డైవింగ్ గైడ్లు పర్యాటకుల ముచ్చట కోసం సాసేజ్‌లు, చేప ముక్కలు అందించేవారు. వాసనతో వెతికే, చూపు అంతంతమాత్రంగా ఉన్న చేపకు ముక్క ఎక్కడ ఆగిందో, వేలు ఎక్కడ మొదలైందో తెలియదు. పైగా అలవాటుపడ్డ చేప, తిండి తేని డైవర్ చేతిని కూడా వెతకడం మొదలుపెడుతుంది. పళ్లు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి కరిచినప్పుడు చెయ్యి లాక్కుంటే గాయం పెద్దదవుతుంది. నోటిలోని సూక్ష్మజీవుల వల్ల అది చీముపట్టే అవకాశమూ ఎక్కువ. చాలాచోట్ల ఇప్పుడు ఇలా చేత్తో తిండి పెట్టడాన్ని నిషేధించారు. తిండి చూపించకుండా, కంతలోకి చెయ్యి పెట్టకుండా, తల నుంచి రెండు మూడు అడుగుల దూరంలో కదలకుండా ఉన్న మనిషి ముందు జెయింట్ మోరే సాధారణంగా చేసేది నోరు తెరిచి మూస్తూ ఉండటమే.